నులితీగ బొమ్మ పదిహేనేళ్లు తప్పుగా గీశాను

"టైమ్ ల్యాప్స్‌తో నిజంగా సైన్స్ ఏమైనా తెలుస్తుందా, లేక చూడ్డానికి బాగుండే వీడియోలేనా?" అని ఒకరు అడిగారు. కాసేపటికో ఫొటో తీసి, అన్నిటినీ కలిపి వేగంగా నడిపించే వీడియోల గురించి.

తెలుస్తుంది. పదిహేనేళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. ప్రతి ఏడూ బోర్డు మీద స్ప్రింగులాంటి బొమ్మ గీసి, "ఇది నులితీగ, పాదులకుండే సన్నని తీగ, ఆధారాన్ని చుట్టుకుంటుంది" అని చెప్పి తర్వాతి పాఠానికి వెళ్లిపోయేదాన్ని. అది చుట్టుకోవడం నా కళ్లతో చూసింది మాత్రం పోయిన వర్షాకాలంలో, మా వరండా గ్రిల్లుకు పాకిన కాకర పాదు మీద.

మా అమ్మాయి వాడి పక్కన పడేసిన ఫోన్‌ని రెండు ఇటుకల మధ్య నిలబెట్టి, 30 సెకన్లకో ఫొటో తీసేలా పెట్టాం. వెనక తెల్ల అట్ట. నులితీగకు బెత్తెడు దూరంలో కుండీలో ఒక కొబ్బరి ఈనె గుచ్చాం. రోజుకు 2,880 ఫొటోలు. సెకనుకు 30 చొప్పున నడిపిస్తే 96 సెకన్లు.

మొదటి రాత్రి వృథా. ఫొటోలు బాగా రావాలని ట్యూబ్‌లైట్ వేసి ఉంచాను. తెల్లారేసరికి కొస లైటు వైపు వంగి ఉంది. అంటే మేం తీసింది మొక్క రాత్రి చేసే పని కాదు, మా ట్యూబ్‌లైట్ చేసిన పని. పైగా మూడు గంటలకు ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927 నుంచి నడుస్తున్న తారు చుక్క ప్రయోగం గుర్తొచ్చింది. గట్టి తారు గరాటులోంచి చుక్కచుక్కగా జారడం చూసే ప్రయోగం అది. ఏళ్లకేళ్లు ఎదురుచూస్తే 2000లో ఎనిమిదో చుక్క పడింది, సరిగ్గా అప్పుడే కెమెరా పనిచేయలేదు. ఆ బాధ ఎలాంటిదో ఆ రోజు తెలిసింది.

రెండో రోజు పగలు మాత్రమే తీశాం. వీడియో వేస్తే, కరెంటు పోయినప్పుడు గోడ మీద స్విచ్ కోసం తడుముకునే చేయిలా నులితీగ గాల్లో గుండ్రంగా తిరుగుతోంది! మా లెక్కలో ఒక చుట్టుకు 180 ఫొటోలు, అంటే గంటన్నర. ఒకసారి ఈనె పక్కనుంచే వెళ్లిపోయింది. తర్వాతి చుట్టులో కొస తగిలింది, తగిలిన చోటే కొక్కెంలా వంగింది.

అసలు సంగతి మర్నాడు కనపడింది. కొసకూ కాండానికీ మధ్య ఉన్న తీగ మెలికలు పడింది. సగం దాకా ఒక వైపు, మధ్యలో చిన్న తిన్నని ముక్క, అక్కణ్నుంచి ఎదురు వైపు. మా అమ్మాయి వేలు పెట్టి లెక్కపెట్టింది: ఇటు ఆరు, అటు ఆరు. రెండు కొసలూ కట్టేసిన తీగ ఒకే వైపు మెలిక పడలేదు, ఎంత ఇటు తిరిగితే అంత అటు తిరగాలి. డార్విన్ 1865లోనే ఎగబాకే మొక్కల మీద రాస్తూ ఈ మాట చెప్పాడు. నేను గీసే బొమ్మలో ఆ మలుపే లేదు. ఈ ఏడు నుంచి గీస్తున్నాను.

ఆయన దగ్గర కెమెరా లేదు. మొక్కకు సన్నని గాజు పోగు అంటించి, ముందు గాజు పలక పెట్టి, కొస ఎక్కడుందో గంటలకొద్దీ సిరా చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. టైమ్ ల్యాప్స్ అంటే అదే. ఎంతసేపటికి ఒక చుక్క అన్నది రాసి పెట్టుకోవడమే అందులో సైన్స్.

అందుకే రీల్స్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొగ్గ విచ్చుకుంటుంది, వెనక పాట వస్తుంది, ఎన్ని గంటలు పట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లలు వాటినే డౌన్‌లోడ్ చేసి ప్రాజెక్ట్ అని తెస్తారు, తల్లిదండ్రులు దగ్గరుండి చేయిస్తారు. ఫోన్‌లో ఉండే టైమ్ ల్యాప్స్ మోడ్‌నూ నేను నమ్మను. రికార్డింగ్ పొడుగయ్యేకొద్దీ కొన్ని ఫోన్లు ఫొటోకూ ఫొటోకూ మధ్య వ్యవధిని వాటంతటవే మార్చేస్తాయి, ఇక ఏం కొలుస్తాం? ఆ వ్యవధి మనమే పెట్టే యాప్ వాడండి, ఫోకస్ లాక్ చేయండి, ఫొటోలు విడిగా దాచుకోండి. నన్నడిగితే ప్రతి బడికీ ఒక పాత ఫోన్ చాలు, ల్యాబ్ బీరువాలో తాళం వేసి ఉంచే సామాను కంటే అదే ఎక్కువ నేర్పుతుంది.

మొదలుపెట్టడానికి కాకర వద్దు, గాలికి ఊగి విసిగిస్తుంది. తడి గుడ్డ మీద నాలుగు పెసలు వేసి, ఐదు నిమిషాలకో ఫొటో చొప్పున రెండు రోజులు తీయండి. ఫోన్ చార్జర్‌కే పెట్టి ఉంచండి, పక్కన చిన్న ఫ్యాన్ తిరగనివ్వండి, గాలి ఫోన్ వీపుకు తగలాలి, పెసలకు కాదు.