జర్మన్ వచ్చినంత మాత్రాన కోర్టు కాగితం చేతికివ్వరు

ప్రశ్న: మా అమ్మాయి బీఏ జర్మన్ పూర్తిచేసింది, జర్మన్ భాషా పరీక్షల్లో బీ2 స్థాయి పాసైంది. జర్మన్ కోర్టు పత్రాలను ఇంగ్లిష్‌లోకి అనువదించే పని చేస్తానంటోంది. మెషీన్లే అన్నీ చేసేస్తున్నాయి, జర్మనీ కోర్టులు కూడా ఇంగ్లిష్‌కి మారుతున్నాయట. మా తోడల్లుడి కొడుకు అప్పుడే సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. ఎంఏ జర్మన్ మంచిదా, ఎల్‌ఎల్‌బీనా? ఆర్నెల్ల ‘ఏఐ లీగల్ ట్రాన్స్‌లేషన్’ సర్టిఫికెట్ సరిపోతుందా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, లోపలి భయం వేరు. ఇంజినీరింగ్ కాదని భాష తీసుకున్న పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనని. పోదు. ఇరవై ఒకటో ఏట బీ2 చేతిలో ఉన్న అమ్మాయి ఆలస్యమైనట్టు కాదు. తోడల్లుడి కొడుకు సంగతి ఆమె ముందు ఎత్తకండి. ఆ పోలిక ఈ పనికి పైసా ఉపయోగపడదు, ఆమె ధైర్యాన్ని మాత్రం తినేస్తుంది.

జర్మనీ కోర్టులు ఇంగ్లిష్‌కి మారడం పూర్తి నిజం కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం, రాష్ట్రాలు ఏర్పాటుచేసే వాణిజ్య కోర్టుల్లో కొన్ని రకాల వివాదాలను, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే, ఇంగ్లిష్‌లో నడపవచ్చు. విడాకులు, క్రిమినల్ కేసులు, అద్దె తగాదాలు జర్మన్‌లోనే నడుస్తాయి.

ఇక ఆ ఆర్నెల్ల సర్టిఫికెట్. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. మెషీన్ ఇచ్చినదాన్ని సరిదిద్దడం నేర్పుతామంటారు. తప్పేదో తెలియాలంటే చట్టం తెలియాలి కదా! ‘రెవిజియోన్’ అనే మాట తీసుకోండి. పలకడానికి మన ‘రివిజన్’ లాగే ఉంటుంది. జర్మన్ సివిల్ కేసుల్లో అది చట్టపరమైన అంశాల మీద మాత్రమే పైకోర్టుకు వెళ్లే అప్పీలు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 115 కింద రివిజన్ అంటే కింది కోర్టు అధికార పరిధి తప్పిందా లేదా అన్న పరిశీలన. రెండింటికీ పోలిక లేదు. అదే కోడ్‌లోని సెక్షన్ 100 సెకండ్ అప్పీలే ‘రెవిజియోన్’కు కాస్త దగ్గర. ‘రివిజన్’ అని రాసి వదిలేస్తే హైదరాబాద్‌లో ఆ కాగితం చదివే లాయరు వేరే దారి పడతాడు. జర్మన్ మాట ఉంచి, మొదటిసారి వచ్చినచోట దాని అర్థం ఇవ్వాలి.

మెషీన్‌కి ఇంకో జబ్బుంది. ‘బెష్లుస్’ అన్న ఒకే మాటను రెండో పేజీలో ఉత్తర్వు అని, తొమ్మిదో పేజీలో నిర్ణయమని, మరోచోట కంపెనీ తీర్మానమని రాస్తుంది. పైగా క్లయింటు కాగితాన్ని ఉచిత వెబ్‌సైట్‌లో పెడితే గోప్యత మంటగలిసినట్టే. ఆ సర్టిఫికెట్లు ఈ సంగతి చెబుతాయో లేదో గాని, ఫీజు సంగతి మాత్రం ముందే చెబుతాయి.

విడాకుల కాగితాల్లో చిన్న మాటే కేసును తిప్పేస్తుంది. జర్మనీలో 2009 సెప్టెంబర్ నుంచి విడాకులిచ్చేది తీర్పుతో కాదు, ‘బెష్లుస్’తో, అంటే కోర్టు ఉత్తర్వుతో. అందులో భార్య ‘విడాకులకు సమ్మతిస్తోంది’ అని ఉంటుంది, లేదా ‘దరఖాస్తును వ్యతిరేకించడం లేదు’ అని ఉంటుంది. రెండూ ఒకటి కావు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పినదాని ప్రకారం, విదేశీ విడాకులు ఇక్కడ చెల్లుతాయా లేదా అన్నదానికి అవతలివారు సమ్మతించారా, స్వచ్ఛందంగా వెళ్లి వాదించారా అన్నది కీలకం. ‘వ్యతిరేకించడం లేదు’ని ‘సమ్మతించింది’ అని అనువదిస్తే ఒక ఆడపిల్ల హక్కుకే గండి పడుతుంది.

లెక్కల్లోనూ ఇంతే. ‘బేస్ రేటు (వడ్డీ లెక్కకు ఆధారమైన రేటు)కు పైన 5 శాతం పాయింట్లు వడ్డీ’ అని తీర్పులో ఉంటే, అనువాదంలో ‘5 శాతం ఎక్కువ’ అని పడుతుంది. 2025 జూలై 1 నాటి బేస్ రేటు 1.27 శాతం. లక్ష యూరోల మీద ఏడాదికి రావాల్సింది 6,270. తప్పు అనువాదాన్ని అక్షరాలా చదివితే, అంటే 1.27కి దానిలో 5 శాతమే కలిపితే, సుమారు 1,333. కేసు నంబరు ‘3 ఓ 412/19’లో ‘ఓ’ (ఇంగ్లిష్ O) అన్న అక్షరం లాండ్‌గెరిష్ట్ అనే ప్రాంతీయ కోర్టులో మొదటి మెట్టు సివిల్ కేసుకు గుర్తు. స్కాన్ చేస్తే అది సున్నా అయిపోతుంది.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఎంఏ జర్మన్ భాషను పెంచుతుంది, ఈ పనికి మార్గం పెద్దగా చూపదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ నయం. ‘పట్టా ఒకరిది, కబ్జా ఒకరిది’ అన్నది మనవాళ్లకు పుట్టుకతో తెలిసిన తేడా. ‘ఐగెంటుమ్’ (యాజమాన్యం), ‘బెజిట్స్’ (స్వాధీనం) మధ్య తేడా కూడా అదే. అయితే ఇంగ్లిష్‌లో దాన్ని లాయరు భాషలో చెప్పడం లా కాలేజీలో అబ్బుతుంది. చదువుతూనే జర్మన్‌లో బీ2 తర్వాతి మెట్టు సీ1 పూర్తిచేయాలి. ఇంకా ఎక్కువ తేల్చి చెప్పను. అమ్మాయికి చట్టం చదవబుద్ధి కాకపోతే ఈ ఎల్‌ఎల్‌బీ కూడా వృథాయే. అది మీరు కాదు, ఆమె చెప్పాలి.

రేపటి నుంచి ఆమె చేయగలిగింది ఇది. జర్మన్ సివిల్ కోడ్, 1900లో అమల్లోకొచ్చిన బీజీబీ, ఆ దేశ న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ అనువాదంతో సహా ఉచితం. అధికారిక పాఠం జర్మన్‌దే. వారానికి పది సెక్షన్లు ముందు తనే అనువదించి, తర్వాత పోల్చుకోవాలి. నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి జర్మన్ మాట, సెక్షన్, ఎంచుకున్న ఇంగ్లిష్ మాట, ఎందుకు ఎంచుకుందో రాయాలి. ఆ నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ మాట ఇంకా రానట్టే. ‘జోల్’ వచ్చినచోట ఆగాలి. చట్టంలో దానికి ‘మామూలుగా చేయాలి, మినహాయింపులుంటాయి’ అని అర్థం, ‘షల్’ అని రాస్తే తప్పనిసరి అయిపోతుంది.

రేటు అడిగేటప్పుడు మూల పాఠంలోని జర్మన్ పదాల లెక్కకు ఒప్పుకోవద్దు. మూడు నాలుగు మాటలు కలిసి ఒక్క పదమయ్యే భాష అది. జర్మనీలో ఖాళీలతో కలిపి 55 అక్షరాల వరుసకు కడతారు. అదే అడగమనండి.