నోరు మూసుకుని ఓ మూడు నిమిషాలు నిలబడు

అమ్మాయ్, నీ మెసేజ్ చూశాను. ఫస్టియర్ సి ప్రోగ్రామింగ్ క్లాసు, రెండు సెక్షన్లు కలిపేసి 120 మంది, మైకు పట్టుకుని గంటసేపు అరిచినా ఇంటర్నల్స్‌లో చాలామంది తెల్లకాగితం ఇచ్చి పోతున్నారు అన్నావు. నీకు చెప్పడం రాక కాదులే, నేనూ ఏళ్ల తరబడి అలాగే అరిచాను, ఆ క్లాసులో నువ్వూ కూర్చున్నావు కదా.

క్లాసు మధ్యలో ఆపి బోర్డు మీద ఒక్క ప్రశ్న రాయి, నాలుగు ఆప్షన్లతో. నిమిషం పాటు ఎవరికి వాళ్లు ఆలోచించుకుని ఆన్సర్ నంబరు వేళ్లతో చూపించాలి, అదీ చెయ్యి గుండెకి ఆనించి, పైకెత్తితే మాత్రం టాపర్ వైపు చూసి అందరూ అదే ఎత్తేస్తారు. ఆన్సర్ బటన్ నొక్కే క్లిక్కర్లూ యాప్‌లూ ఏం అక్కర్లేదు. కరెక్ట్ ఆన్సర్ ఏదో నీ మొహంలో కూడా తెలియకూడదు, నాకు ఇప్పటికీ చేతకానిది అదే. 30 శాతం కంటే తక్కువ మందికి వస్తే మళ్లీ చెప్పు, 70 దాటితే ముందుకెళ్లిపో, మధ్యలో ఉంటే పక్కవాడితో వాదించుకోమని వదిలేయ్, మూడు నిమిషాలయ్యాక మళ్లీ వేళ్లు చూపించమను.

నాకు కళ్లు తెరిపించిన ప్రశ్న చెప్తా విను. ఏ, బి అని రెండు వేరియబుల్స్, అంటే విలువలు దాచుకునే పేర్లు. ఏలో 5 ఉంది, బిలో 10 ఉంది. ముందు ఏలోకి బి పెట్టాం, తర్వాత బిలోకి ఏ పెట్టాం, ఇప్పుడు దేంట్లో ఎంత? అడిగి బెంచీల మధ్య తిరుగుతుంటే ఒకడు "బి ఖాళీ అయిపోద్ది కదరా, దాంట్లోది ఏలో పోసేశాం" అంటున్నాడు. పక్కన కూర్చున్నోడు, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాడు, "పొయ్యడం ఏంట్రా, జిరాక్స్ తీసినట్టు, ఒరిజినల్ ఎక్కడికీ పోదు, రెండూ 10 అవుతాయి" అన్నాడు. నేను అక్కడే ఆగిపోయాను. వేరియబుల్ అంటే గ్లాసు, విలువంటే అందులో పోసే పాలో నీళ్లో అనే కథ చెప్పింది ఎవరనుకున్నావ్, నేనే! ఎన్ని బ్యాచ్‌ల బుర్రల్లో వేరియబుల్స్ ఖాళీ చేయించానో, నీ బుర్ర కూడా కలిపి.

ఇది నా సొంత తెలివేం కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్లో మొదలెట్టాడు, తను రెండు రకాలుగా చెప్పినా ఎక్కనిది పిల్లలు పక్కవాళ్లతో మాట్లాడుకుంటే నిమిషాల్లో ఎక్కిందట. ఇప్పుడిప్పుడే అర్థమైనవాడికి తను ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుంటుంది, మనకి అది ఎప్పుడో మర్చిపోయిన సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాండియాగో క్యాంపస్ వాళ్లు నాలుగు కంప్యూటర్ కోర్సుల్లో ఇదే పట్టుకుంటే ఫెయిలయ్యేవాళ్లు సగానికి పైగా తగ్గారు, 2013లో పేపర్ కూడా వేశారు.

చర్చ తెలుగులోనే జరగనీ. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఇంగ్లీషులో నీతో నోరెత్తదు, పక్కదానితో మాత్రం గలగలా వాదిస్తుంది. గోల వినిపించి హెచ్‌ఓడీ తలుపు దగ్గరికి వస్తారు, ముందే వెళ్లి చెప్పి పెట్టుకో, లేకపోతే క్లాస్ కంట్రోల్ లేదనే పేరు నీకే వస్తుంది (నాకొచ్చింది). సిలబస్ అవ్వదేమో అంటావ్, గంటకి రెండు ప్రశ్నలకి మించి పెట్టకు, సరిపోద్ది. రెండో ఓటు అయ్యాక తప్పు ఆప్షన్ ఎందుకు పెట్టారో అడుగు, కానీ పేరు పెట్టి లేపకు, "మూడో ఆన్సర్ ఎవరికైనా ఎందుకనిపించి ఉంటుంది?" అని అడిగితే వాళ్లే చెప్తారు.

ల్యాబ్ సంగతి వేరే. అక్కడ ఇద్దరికో సిస్టమ్ ఇచ్చి పావుగంటకోసారి కీబోర్డు చేతులు మార్పించు, నువ్వు వెనక నిలబడి మార్పించకపోతే ఒకడు టైపు చేస్తాడు ఇంకోడు రికార్డు రాసుకుంటాడు అంతే.

రేపటి క్లాసులో 5ని 2తో భాగించి ఫ్లోట్‌లో (దశాంశాలు పట్టే వేరియబుల్‌లో) పెడితే ఎంతొస్తుంది అని అడిగి చూడు. రెండూ పూర్ణ సంఖ్యలే కాబట్టి సి తోక కోసేసి 2.0 ఇస్తుంది, తప్పు ఆన్సర్ 2.5కి మొదటిసారి ఎన్ని చేతులు, రెండోసారి ఎన్ని, లెక్కపెట్టి రాత్రికి మెసేజ్ పెట్టు.