జబర్దస్తి అంటే బలవంతమేనా, అసలు అది తెలుగు మాటేనా?

తెలుగు మాట కాదు, ఫార్సీ నుంచి వచ్చింది. జబర్ అంటే పైన, దస్త్ అంటే చెయ్యి. మనం పైచెయ్యి అంటం సూడుండ్రి, అచ్చం అదే కట్టు. ఉర్దూ సదివినోళ్లకు ఇంకా తొందరగ తెలుస్తది, అక్షరం పైన పెట్టే గీత పేరే జబర్, కింద పెట్టేది జేర్. ఇగ దస్త్ అయితే మన ఇండ్లల్లనే ఉన్నది, దస్కత్‌ల ఉన్నది, మొఖం తుడుసుకునే దస్తీల బి ఉన్నది. అరబ్బీల జబ్ర్ అని ఇంకోటున్నది, దానికి బి బలవంతమనే అర్థం, గని తెలుగుల రాస్తే రెండిట్ల జ ఒక్కతీరే కనబడ్తది కాబట్టి చానామంది ఇది అండ్లకెళ్లే వచ్చిందనుకుంటరు.

బలవంతం అంటే సరిపోదు అనిపిస్తది నాకు. మాది సిరొంచ దిక్కు, గడ్చిరోలి జిల్లా, ఇంట్ల తెలుగు బడిల మరాఠీ. పక్కచేనాయన రాత్రికి రాత్రి గెట్టు మా దిక్కు జరిపితే మా తాత అన్న మాట జబర్దస్తి. హక్కు లేదని వానికి బి ఎర్కనే, అయినా ఎవడేం చేస్తడు అని చేసుడు, గదీ దాని అసలు అర్థం. పెండ్లిల జబర్దస్తి ఇంకో లడ్డు ఏసిండ్రు అంటం గని అది ఉత్త ముద్దుకు.

మరాఠీల మాత్రం జబర్‌దస్త్ అంటే భలే, అదిరిందని మెచ్చుకునుడు బి. నేను నాలుగో తరగతిల ముప్పై దాక ఎక్కాలు తప్పుపోకుంట అప్పజెప్పిన. మా గురుజీ కిరాణా దుకాణం కాడ తాతను సూసి "తుమ్చా నాతూ జబర్‌దస్త్ ఆహే" అన్నడట, అంటే మీ మనుమడు గట్టోడు అని. తాతకు మరాఠీ అంతంతే, ఆ ఒక్క మాటే చెవుల పడ్డది, ఇంటికొచ్చి చెప్పులిడ్వకముందే "ఎవన్ని కొట్టినవ్ రా? ఎవని పలక గుంజుకున్నవ్?" అని మొదలువెట్టిండు. నేను ఏడుసుడే. పొద్దూకినంక బాపు చేన్లకెళ్లి వచ్చి సంగతి చెప్తే తాత నవ్వలే, దస్తీ తీసి మొఖం తుడుసుకొని "మంచోడైతే మంచోడనరాదా ఆయనకు" అన్నడు. తెల్లారి దుకాణం కాడ మళ్ల కలిసిండ్రట, "గురుజీ, మీరు బి జబర్దస్తే" అన్నడట. మెచ్చుకున్నడో తిట్టిండో మా బాపుకు బి తెల్వది.