ఇంట్లో బీపీ చూసి ఫోనులో డాక్టరుకు పంపితే, ఆ ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుందా?

మీ భార్యకు ఏడో నెల అనీ, రోజూ ఇంట్లోనే బీపీ చూసి పంపమని కర్నూలు డాక్టరు చెప్పారనీ రాశారు. కంపెనీ గ్రూపు పాలసీలో బీపీ మిషన్ డబ్బు, ఫోను సంప్రదింపుల ఫీజు వస్తాయా అని అడిగారు. మిషన్ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. ఫీజు రావచ్చు.

రెండేళ్ల కిందట నాదీ ఇదే కథ. కాన్పుకు పుట్టింటికి, ఎమ్మిగనూరు వెళ్లాను. డాక్టరేమో కర్నూలులో. ఆ బస్సులో వారానికి రెండుసార్లు తిరగడం నా వల్ల కాదంటే, పొద్దున, సాయంత్రం రీడింగు నోటుబుక్కులో రాసి ఫొటో పంపమన్నారు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. ఈ చివరిది మా అమ్మ దగ్గర సాగేది కాదు. ఆవిడ ఏదో అడగడం, నేను జవాబివ్వడం, అంకె పైకి పోవడం, మళ్లీ మొదటి నుంచి చూసుకోవడం.

మిషన్‌కు 1,900 రూపాయలైంది. పరికరాలకు చెల్లించరని ఒక్క ముక్కలో తిరస్కరించారు. ఫీజు క్లెయిమ్ కూడా మొదటిసారి వెనక్కి వచ్చింది, ఎందుకంటే మేము పెట్టింది డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ మాత్రమే. తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బిల్లు, ప్రిస్క్రిప్షన్ జతచేసి మళ్లీ పంపితే ఇచ్చారు. మా పాలసీలో కాన్పు పరిమితి 50,000, అందులోనే కాన్పుకు ముందూ తరువాతా అయ్యే ఖర్చులకు 5,000 అని విడిగా ఉంది. మీ పాలసీలోనూ ఆ వాక్యం ఉందో లేదో ముందు వెతకండి. టెలీమెడిసిన్‌ను, అంటే ఫోనులో వైద్యాన్ని కూడా అనుమతించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే బీమా కంపెనీలకు చెప్పింది కదా అని నేను వాదించాను. కానీ అసలు డాక్టరు సంప్రదింపులకే కవరేజీ లేని పాలసీలో ఆ మాట పనిచేయదు. హెచ్ఆర్ వాళ్లు ఫోనులో 'అన్నీ వస్తాయి' అంటారు. నమ్మకండి, ఈమెయిల్‌లో అడగండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక 60 రోజుల ఖర్చులు ఎలాగూ ఇస్తారని కూడా అనుకున్నాను. చాలా పాలసీల్లో అది కాన్పుకు వర్తించదు. నాకేమో కాన్పైన నాలుగో రోజే 154/100 వచ్చింది. ఫొటో చూసిన వెంటనే డాక్టరు రమ్మన్నారు. కాన్పైన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ పెరగడం మామూలేనని అప్పుడే తెలిసింది. కాబట్టి బిడ్డ పుట్టగానే మిషన్ అటక మీద పెట్టేయకండి. 160/110 చూపిస్తే ఫొటోలు, ఫోన్లు అంటూ ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

రావలసిన డబ్బు ఇవ్వకపోతే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఫీజు లేదు. ఈలోగా ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి.

మిషన్ కొనేటప్పుడు పట్టీ కొలత చూసుకోండి. పట్టీ చేతికి బిగుతైతే బీపీ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల మిషన్ పక్కన పెట్టి సరిచూసుకుంటే మంచిది.