‘బ్రేవ్ న్యూ వరల్డ్’ మీద వ్యాసం రాయడానికి గైడు బట్టీ పడితే సరిపోతుందా?

మీది రాయగడ, ఇంగ్లీష్ ఆనర్స్, పరీక్షకి పది రోజులే ఉంది. అందరూ ఒకే అచ్చులో పోసినట్టు బతికే లోకాన్ని చూపించే ఆల్డస్ హక్స్‌లీ నవల ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ మీద వ్యాసం తప్పకుండా వస్తుందన్నారు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఇంగ్లీషులో సొంతంగా రాయాలంటే భయం, అందుకని గైడు కంఠస్థం చేయనా అని అడిగారు.

వద్దండీ. నేను చేసి చూశాను.

మాది పర్లాకిమిడి. అరుగు మీద కూర్చుని గైడులోని వ్యాసాన్ని వారం రోజులు పైకి చదివాను. ఒక సాయంత్రం నేను మధ్యలో ఆగితే, ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడు ఆ పేరా మిగతాదంతా గడగడా అప్పజెప్పేశాడు. ‘ఒరే, కండిషనింగ్ అంటే ఏమిట్రా?’ అన్నాను. ‘ఏమో అక్కా, నువ్వే చెప్తున్నావుగా’ అన్నాడు. నవ్వొచ్చింది గానీ, నిజానికి నాకూ సరిగ్గా తెలీదు. (మనుషుల ఇష్టాయిష్టాల్ని చిన్నప్పటి నుంచే కావలసినట్టు మలచడం అన్నమాట.)

తర్వాత నవల తెరిస్తే రెండో అధ్యాయంలో మా తమ్ముడే కనిపించాడు! నైలు నది గురించి నిద్రలో విన్న పాఠాన్ని ఒక పిల్లాడు పొల్లు పోకుండా చెబుతాడు. ఆఫ్రికాలో పొడవైన నది ఏదని అడిగితే మాత్రం తెలీదని ఏడుస్తాడు. చదువు చెప్పడానికి పనికిరాని ఆ పద్ధతే, ఎవరి వర్గంలో వాళ్లు తృప్తిగా పడి ఉండాలనే నీతిని నూరిపోయడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. వారానికి మూడు రాత్రులు, రాత్రికి వంద సార్లు, నాలుగేళ్లు: 62,400 సార్లు చెబితే ఒక నిజం తయారవుతుందని, ఆ లోకంలో ఇమడలేని బెర్నార్డ్ అనే పాత్ర లెక్క వేస్తాడు. మీ వ్యాసంలో ఈ ఘట్టం ఉండాలి.

ఇక అసలు మలుపు మా అమ్మ వల్ల వచ్చింది. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే కథంతా తెలుగులో చెప్పాను. సీసాల్లో పుట్టే పిల్లలు, దిగులేస్తే మింగే సోమా బిళ్లలు, అన్నీ. అంతా విని, ‘అందరూ సుఖంగానే ఉన్నారు కదే, మరి నీ బాధేమిటి?’ అంది. నోరు పెగల్లేదు. ఆ రాత్రి 16, 17 అధ్యాయాలు మళ్లీ చదివాను. ఆ లోకాన్ని నడిపే పాలకుల్లో ఒకడైన ముస్తఫా మాండ్, ఆ లోకానికి బయట పెరిగి వచ్చిన జాన్‌ని అడిగేది దాదాపు అదే. అమ్మకి చెప్పాల్సిన జవాబే నా వ్యాసం అయింది: ఇక్కడ ఎవరినీ కొట్టి లొంగదీయరు, లొంగడమే ఇష్టమయ్యేలా పెంచుతారు. 1949లో వచ్చిన ఆర్వెల్ నవల ‘1984’లో పని చేసేది భయం, 1932 నాటి ఈ హక్స్‌లీ నవలలో సుఖం. పోలిక అంతే, రెండు వాక్యాలు చాలు.

బెర్నార్డ్‌ని తిరుగుబాటుదారుడని గైడులు రాస్తాయి. నాకు అలా అనిపించలేదు. తన వర్గంలో పొట్టివాడినన్న బాధ అతనిది. జాన్ పుణ్యమా అని నలుగురూ పిలవడం మొదలెట్టగానే ఆ లోకం అతనికి నచ్చేస్తుంది. అతని స్నేహితుడు హెల్మ్‌హోల్ట్జ్ వేరు, చివర్లో వెలివేసినప్పుడు గాలివానలుంటే బాగా రాయగలనని ఫాక్‌లాండ్ దీవుల్ని కోరి ఎంచుకుంటాడు. ఈ ఇద్దరి తేడా ఒక పేజీ రాయొచ్చు. అలాగే జాన్‌ని స్వేచ్ఛకి ప్రతినిధి చేసి వదిలేయకండి. అతన్ని పుట్టి పెరిగిన ఆదివాసుల ఊరు మాల్పాయిస్‌లోనూ కలవనివ్వలేదు, పైగా ప్రతిదానికీ షేక్స్‌పియర్‌ని అప్పజెబుతాడు. ఇప్పుడు రాస్తే ఆ లోకమూ, ఆ ఊరూ కాక అతనికి మూడో దారి ఇచ్చేవాణ్ణని హక్స్‌లీ 1946 ముందుమాటలో అన్నాడు. ముగింపుకి అది బాగా పనికొస్తుంది.

ముందు తెలుగులో ఎవరికైనా చెప్పండి, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లో పెట్టండి. గ్రామర్ టెన్షన్ తగ్గుతుంది. పేర్ల స్పెల్లింగులు మాత్రం బట్టీ పట్టాల్సిందే. హెల్మ్‌హోల్ట్జ్‌ని నేను ఒకే పేపర్లో మూడు రకాలుగా రాసొచ్చాను.