పెరటి ప్రశ్నలు: ఈ నెలంతా బంతిపూలే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం బంతి గురించే. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం, బరంపురం, అన్నీ ఒడిశాలో మనవైపు ఊళ్ళే, అడిగినవి కూడా ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, అందుకే వేరే మొక్కల ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఇవన్నీ ఒకేచోట ఇస్తున్నా.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక పాఠకురాలు): అమ్మా నమస్తే. పోయిన సంక్రాంతికి కొన్న దండలో పెద్ద పెద్ద ముద్దబంతిపూలు ఉంటే ఎండబెట్టి విత్తనాలు దాచాను. మొక్కలు బాగానే లేచాయి గానీ పూసినవాటిల్లో సగం రెక్కబంతి, రంగులు కూడా ఒకటి పసుపు ఒకటి నారింజ. మా మట్టిలో ఏదైనా లోపం ఉందా? ఇంట్లో తీసిన గింజ పనికిరాదా?

జవాబు: మట్టిలో ఏ లోపమూ లేదమ్మా, గింజ కూడా మంచిదే, లేకపోతే మొలకే రాదు కదా. మనం బంతిని ఒక్క పువ్వు అనుకుంటాం గానీ అది బోలెడన్ని చిన్న పూల గుత్తి. ఒక రేకు పీకి చూడండి, కింద సన్నటి పుల్లలాంటిది ఉంటుంది, అదే తర్వాత నల్లటి గింజ అవుతుంది, అంటే ఒక్కో రేకూ ఒక్కో పువ్వే. ఈ రేకుపూలు ఆడవి, వీటిల్లో పుప్పొడి ఉండదు. పుప్పొడి ఉండేది మధ్యలో గొట్టాల్లా కనిపించే బుల్లి పూలల్లో. ముద్దబంతిలో ఆ గొట్టాలు చాలా తక్కువ, ఒక్కోదాంట్లో అసలు కనపడవు, అంతా రేకులే, అందుకే అంత ముద్దగా ఉంటుంది. మరి దానికి పుప్పొడి ఎక్కడినుంచి రావాలి? పక్క మొక్కల నుంచే, అది కూడా ఎక్కువగా పుప్పొడి దండిగా ఉండే రెక్కబంతి నుంచి, తేనెటీగలు మోసుకొస్తాయి. తల్లి ముద్దబంతే గానీ తండ్రి ఎవరో మనకి తెలీదు, అందుకే పిల్లలు అన్ని రకాలుగా వచ్చాయి.

ఇంకో సంగతి, బజారులో దండకి వచ్చే పెద్దపూలు హైబ్రిడ్ మొక్కలవి కూడా అయి ఉండొచ్చు. హైబ్రిడ్ అంటే వేరువేరు తల్లిదండ్రుల్ని కలిపి తీసిన మొదటి తరం, ఆ తరం అంతా ఒకేలా ఉంటుంది, దాని గింజ మళ్ళీ వేస్తే లోపల దాగిన గుణాలన్నీ విడిపోయి తలోరకంగా బయటపడతాయి. పైగా దండపూలు గింజ ముదరకముందే కోస్తారు, కాబట్టి అందులో సగం తాలు.

అలాగని ఇంటి గింజ మానేయొద్దు, నాకైతే ఇంటి గింజ మీద చాలా ఇష్టం, కాకపోతే ఎంచి తీయాలి. మొక్కలు మొదటి పువ్వు విప్పగానే చూసుకుని రెక్కబంతి వచ్చినవాటిని అక్కడే పీకి వేరేచోట పెట్టేయండి, పుప్పొడి కలవకుండా. మిగిలినవాటిల్లో బలంగా, పొట్టిగా, పువ్వు బాగా ముద్దగా ఉన్న మొక్కకి ఒక దారం కట్టి గుర్తుపెట్టుకోండి, దాని పూలు దేవుడికి కూడా కోయొద్దు, కొన్ని అలాగే వదిలేయండి. పువ్వు వాడి, రేకులు ముడుచుకుపోయి, కింద పచ్చటి గిన్నె గోధుమరంగుకి తిరిగి, కాడ కూడా ఎండాక, మంచు ఆరిన తర్వాత ఎండపూట కోయండి. వానలో తడిసిన పువ్వు లోపలే బూజు పడుతుంది, అది తీసుకోవద్దు. నీడన ఆరబెట్టి చేత్తో విప్పితే ఒకవైపు నల్లగా ఇంకోవైపు గడ్డిరంగు తోకతో పుల్లల్లా వస్తాయి, నల్లగా గట్టిగా ఉన్నవి ఉంచి తెల్లగా పలచగా ఉన్నవి పారేయండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, కాగితం పొట్లంలో పెట్టి పైన రంగు రాసుకోండి. మరుసటి ఏడాదికే వాడేయాలి, పాతబడేకొద్దీ మొలక తగ్గిపోతుంది. ఇలా వరసగా కొన్నేళ్ళు ఎంచుకుంటూ పోతే రెక్కబంతి తగ్గుతుంది. కొత్తగా కొనేటట్టయితే హైబ్రిడ్ కాని రకం అడగండి, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్ళు తీసిన పూసా నారంగి గేందా, పసుపులో పూసా బసంతి గేందా ఉన్నాయి, వాటి గింజ ఇంట్లో దాచుకున్నా పరవాలేదు. అచ్చం తల్లిలాంటి పువ్వే కావాలి అంటే మాత్రం గింజతో కాదు, కొమ్మతోనే. అది కింది ఉత్తరంలో ఉంది.

ప్రశ్న (రాయగడ నుంచి): మా బజారులో బంతినారు అమ్మేవాళ్ళు ఇది గింజనారు కాదు, బెంగాల్ వైపు కొమ్మనారు అంటున్నారు, రేటు కూడా ఎక్కువ చెప్తున్నారు. గులాబీకి కొమ్మ పెడతారని తెలుసు, బంతికి కూడా కొమ్మ బతుకుతుందా అండీ?

జవాబు: బతుకుతుందండి, గులాబీ కన్నా చాలా తేలిగ్గా. బెంగాల్లో బంతి పండించేవాళ్ళు కొమ్మలతోనే పెంచడం బాగా అలవాటు, సిరాకోల్ అని అక్కడి రకం ఒకటి ఒడిశాలో కూడా వేస్తారు. కొమ్మ నుంచి వచ్చింది తల్లి మొక్కే ఇంకోచోట బతుకుతున్నట్టు, కాబట్టి రంగూ సైజూ తేడా రాదు. పైగా ముదిరిన మొక్క కొమ్మ కాబట్టి తొందరగా పూస్తుంది, అంత ఎత్తూ పెరగదు.

మీరే చేసుకోవచ్చు, డబ్బు పెట్టక్కర్లేదు. పొద్దున్నే, మొక్క నీళ్ళు తాగి నిటారుగా ఉన్నప్పుడు, మొగ్గ లేని కొసని నాలుగు అంగుళాలు కోయండి, ఆకు కణుపుకి సరిగ్గా కింద. మొగ్గ ఉంటే గిల్లేయండి, లేకపోతే ఉన్న బలమంతా దానికే పోతుంది, వేరు పట్టదు. కింది ఆకులు తీసేసి పైన రెండు మూడు జతలు ఉంచండి, ఆకు పెద్దదైతే సగానికి కత్తిరించండి. నాగావళి ఇసక మీకు దగ్గరే కదా, దాన్ని బాగా కడిగి, నీళ్ళు కారిపోయే చిల్లుల డబ్బాలో పోసి, పుల్లతో గుంట చేసి రెండు అంగుళాల లోతున గుచ్చండి. పుల్లతో గుంట ఎందుకంటే నేరుగా గుచ్చితే కొమ్మ చివర నలిగి అక్కడే కుళ్ళు మొదలవుతుంది. వేర్లు తెప్పించే పౌడర్ దొరికితే అద్దొచ్చు, లేకపోయినా వేరు వస్తుంది. నీడలో పెట్టి, మంచినీళ్ళ బాటిల్ అడుగు కోసి పైన బోర్లించండి, మూత తీసి ఉంచితే గాలి ఆడుతుంది. ఇసక తడిగా ఉండాలి గానీ నీళ్ళు నిలవకూడదు. పది పదిహేను రోజుల్లో మెల్లగా లాగితే అది మిమ్మల్ని తిరిగి లాగినట్టు పట్టు తెలుస్తుంది, అంటే వేరు పట్టింది. అప్పుడు మట్టి, ఇసక, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపిన చిన్న కవర్లోకి మార్చి, కొత్త చిగురు వేశాక ఎండలోకి అలవాటు చేయండి.

ఒక్క జాగ్రత్త. తల్లికి ఉన్న జబ్బు కూడా కొమ్మతో పాటే వస్తుంది. రేకుల బదులు పచ్చటి ఆకుల్లాంటివి వచ్చి పువ్వు పచ్చగానే ఉండిపోయే మొక్క ఒక్కోసారి కనిపిస్తుంది, అది ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు అంటించే తెగులు, మందు వేసినా బాగవదు. అలాంటిదాన్ని వేర్లతో సహా పీకి తగలబెట్టాలి, దాని నుంచి గింజా కొమ్మా ఏదీ తీయొద్దు. నారు కొనేటప్పుడు కూడా ఇదే చూడండి, ఆకుల కింద తిప్పి మరీ చూడండి.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): దసరాకి, మళ్ళీ మార్గశిర లక్ష్మీవారాలకి ఇంటి పూలే ఉండాలని మా అత్తగారి కోరిక. ప్రతి ఏడూ దసరా టైముకి తుఫాను వచ్చి మొక్కలు పడిపోతున్నాయి. ఎప్పుడు వేస్తే మంచిది?

జవాబు: మీ అత్తగారి కోరిక చాలా మంచిదమ్మా, ఇంట్లో పూసింది ఇంటి పీట మీద పెట్టుకోవడం వేరే తృప్తి. పెద్దబంతికి విత్తు నుంచి పువ్వుకి రెండున్నర నుంచి మూడు నెలలు, చిన్న కారబంతికి రెండు నెలలు చాలు. కాబట్టి దసరాకి జూన్ ఆఖరు నుంచి జులై మొదటివారం లోపు, లక్ష్మీవారాలకీ పక్కింటి ఒడియావాళ్ళ మాణబసా లక్ష్మీపూజకీ ఆగస్టు ఆఖర్లో, సంక్రాంతి గొబ్బెమ్మలకి అక్టోబర్ మొదట్లో నారు పోయాలి. నాటిన నెలకి కొస గిల్లితే కొమ్మలు ఎక్కువై పూలు ఎక్కువొస్తాయి గానీ మొదటి పువ్వు కొన్ని రోజులు వెనక్కి పోతుంది, పండగ దగ్గరపడిన బ్యాచికి గిల్లొద్దు.

తుఫాను మాట నిజమే. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబర్ రెండోవారంలోనే వచ్చాయి, తిత్లీ మీ గజపతి జిల్లాని ఎంత పాడుచేసిందో మీకు చెప్పక్కర్లేదు. అందుకని దసరా పంట మొత్తం ఒకేసారి వేసి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. సెప్టెంబర్ మధ్యలో బాగున్న మొక్కల నుంచి కొమ్మలు తీసి డబ్బాల్లో అరుగు మీద పెట్టుకోండి, గాలి వచ్చే కబురు తెలియగానే డబ్బాలు లోపలికి తెచ్చేస్తే సరి, బయట మొక్కలు పోయినా అదే రంగు మీ దగ్గర ఉంటుంది. నేలలో మొక్కలు ఎత్తు చాళ్ళ మీద ఉండాలి, నీళ్ళు నిలిస్తే బంతి వేరు కుళ్ళుతుంది. నారు నాటేటప్పుడే కొంచెం లోతుగా, మొదటి ఆకులదాకా పాతితే కాండం నుంచి కూడా వేర్లు వస్తాయి, అప్పుడు గాలికి అంత తేలిగ్గా పడదు. వెదురుకర్ర కట్టడం మాత్రం మానొద్దు. వాలిపోయిన మొక్కని కూడా పారేయొద్దు, నేలకి తగిలిన కొమ్మ మీద కాస్త మట్టి కప్పితే అక్కడే వేరు పడుతుంది.

ప్రశ్న (జయపురం నుంచి): మేడమ్, మా బంతి మొక్కలు నా భుజందాకా పెరిగాయి, ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, మొగ్గ మాత్రం లేదు. యూరియా వేస్తూనే ఉన్నా. గోడ పక్కన, వరండా లైటు కింద వేశాను.

జవాబు: యూరియా ఇవాళే ఆపేయండి బాబూ, ఆకు పెరగడానికి అదే కారణం. బంతికి మొదట్లో గెత్తం బాగా వేస్తే చాలు, తర్వాత కాస్త పొయ్యిబూడిద చల్లితే మంచిది. రెండోది ఎండ, కనీసం ఆరుగంటలు నేరుగా పడాలి, గోడనీడన కాండం ఎండని వెతుక్కుంటూ సాగుతుంది గానీ పూయదు. మూడోది లైటు, ఇది చాలామంది పట్టించుకోరు. పెద్దబంతి పొద్దు తగ్గేకొద్దీ త్వరగా మొగ్గ వేసే మొక్క, అందుకే ఎండాకాలం చివర్లో వేసింది ఎత్తు పెరుగుతూ ఉంటుంది, రాత్రంతా లైటు పడుతుంటే దానికి పొద్దు ఇంకా పెద్దదే అన్నట్టు ఉండి పూత వెనకబడుతుంది. లైటు రాత్రి తొమ్మిదికల్లా ఆర్పేయండి, లేదా కొసలు కోసి కొమ్మలు చేసుకుని ఎండ ఉన్నచోట నాటండి. మీవైపు ఎత్తుమీద చలికాలం బాగా చల్లగా ఉంటుంది కాబట్టి ఈ కొమ్మలు మీ దగ్గర మైదానాల్లో కన్నా ఎక్కువ రోజులు పూస్తాయి.

ప్రశ్న (బరంపురం నుంచి): డాబా మీద కుండీల్లో బంతి ఆకులు దుమ్ము పట్టినట్టు తెల్లబడి, కింద సాలెగూడులాంటిది కడుతోంది.

జవాబు: అది ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే బుల్లి పురుగు. ఎండకి కుండీ ఎండిపోతే వచ్చేస్తుంది. పొద్దున్న పైపుతో ఆకుల కిందివైపు గట్టిగా నీళ్ళు కొట్టండి, ఎక్కువ పాడైన ఆకులు తీసేయండి, సాయంత్రం లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి కొట్టి వారానికి మళ్ళీ కొట్టండి. మొగ్గల్లోకే పాకితే ఆ మొక్క తీసేయడమే మేలు, మిగిలినవి బతుకుతాయి.

ప్రశ్న (మళ్ళీ రాయగడ): వంకాయల మధ్య అక్కడక్కడా బంతి వేస్తే వేళ్ళలో బుడిపెలు రావంటారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. ఆ బుడిపెలు తెచ్చేవి మట్టిలోని నులిపురుగులు, బంతి వేళ్ళలో వాటికి పడని పదార్థం ఉంది, అది నిజం. కానీ నాలుగు వంగమొక్కలకి ఒక బంతి పెడితే ఒరిగేది తక్కువ. ఆ మడిలోనే ముందు బంతిని ఒత్తుగా రెండు మూడు నెలలు పెంచి, పూలు కోసుకున్నాక మొక్కల్ని మట్టిలో కలిపేసి, తర్వాత వంగ నాటితే ఫలితం ఉంటుంది.

ప్రశ్న (గుణుపురం నుంచే ఇంకొకరు): ఒక మొక్క నెలల తరబడి పూస్తోంది, పువ్వు చాలా బాగుంది, కానీ ఎండబెట్టిన ఏ పువ్వులోనూ గింజ లేదు, అన్నీ తాలే.

జవాబు: పెద్దబంతికీ కారబంతికీ కలిసి పుట్టిన మొక్క అయి ఉండొచ్చండి. గుణాల్ని మోసే క్రోమోజోములు పెద్దబంతిలో 24, కారబంతిలో 48, రెండూ కలిస్తే పిల్లలో 36 అయి సరిగ్గా జత కుదరవు, కాబట్టి గింజ కట్టదు, గింజకి పోవాల్సిన బలం పూతకి పోతుంది, అందుకే అన్నాళ్ళు పూస్తోంది. దాని గింజ కోసం ఎదురుచూడకండి. మొక్క కింద కాండం గట్టిపడి ముదిరిపోకముందే ఈ వారంలోనే ఐదారు కొసలు కోసి ఇసకలో గుచ్చండి, వాటి నుంచి మళ్ళీ రెండు మూడు నెలలకొకసారి కొత్త కొమ్మలు తీస్తూ ఉండండి, ఎండాకాలంలో సగం నీడలో పెట్టి కుండీ ఆరిపోకుండా చూసుకుంటే వచ్చే కార్తీకానికి కూడా ఆ పువ్వే ఉంటుంది.