ట్రెడ్‌మిల్ సరే, ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నాకు 45 ఏళ్లు. పరవాడలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం, చేతికి నెలకు 82 వేలు వస్తాయి. ఇంటి లోను కిస్తీ 27,500తో కలిపి నెల ఖర్చు 67 వేలు. నా బరువు 98 కిలోలు, ఈ మధ్య బీపీ మొదలైంది. నాన్నగారికి 67 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. డాక్టరు ఇద్దరినీ రోజూ నడవమన్నారు. ఇంట్లో నలుగురం కలిపి రోజుకు మూడు గంటలైనా వాడతాం కాబట్టి గట్టి ట్రెడ్‌మిల్ కావాలి. షాపులో ఒక కమర్షియల్ మోడల్ 1,45,000 చెప్పారు, 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) ఉంది. ఒకేసారి కడితే 1,31,000కే ఇస్తారట. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టనా, మా ఆవిడ నగల మీద గోల్డ్ లోన్ తీసుకుని ఒకేసారి కట్టేయనా? బ్యాంకులో 45 వేలు ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా 3 లక్షలు ఉంది, అందులో నాన్నగారి పేరు లేదు.

జవాబు: రెండు దారులు రాసి ఏది మేలని అడిగారు. రెండూ వద్దు. మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం ఉంది. వస్తువు మంచిదా కాదా అని పది షాపులు తిరిగే మనం, దాన్ని కొనే స్థితిలో ఉన్నామా అని ఇంట్లో కూర్చుని పావుగంట లెక్క వేసుకోం. ఆరోగ్యం కోసమే కదా అనుకునేసరికి అప్పు కూడా మంచి పనిలాగే కనిపిస్తుంది. ట్రెడ్‌మిల్ గురించి అన్ని వివరాలు రాశారు, నాన్నగారికి బీమా లేదన్న మాట మాత్రం ఆఖరి వాక్యంలో పెట్టారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ వాక్యమే.

ముందు ఆ నో కాస్ట్ సంగతి. ఒకేసారి కడితే 14 వేలు తగ్గిస్తామని షాపువాళ్లే అన్నారు. అంటే మీరు నిజంగా చేసే అప్పు 1,31,000. నెలకు 8,055 చొప్పున 18 నెలలు కడితే ఆ 14 వేలూ వడ్డీయే. ఏడాదికి దాదాపు 13 శాతం పడుతుంది. కార్డు మీద తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. అయినా ఆ బోర్డు చూసి మనం లోపలికి వెళ్తూనే ఉన్నాం.

గోల్డ్ లోన్ గురించి ఒక్క మాట. ఆసుపత్రిలో అర్ధరాత్రి డబ్బు కావాల్సి వస్తే మీ ఇంట్లో చివరి ఆసరా ఆ నగలే. వాటిని ట్రెడ్‌మిల్ కోసం తాకట్టు పెట్టొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నెలకు 67 వేలు ఖర్చయ్యే ఇంట్లో 45 వేలు ఉంటే, జీతం ఒక్క నెల ఆగినా ఇంటి లోను కిస్తీ కట్టడానికి తడుముకోవాలి. మీ ఇంటికి అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు, అంటే 4,02,000 ఉండాలి. అంత మొత్తం చూసి భయపడకండి. మొదటి మజిలీ మూడు నెలల ఖర్చు, అంటే 2 లక్షలు. మీకు నెలకు 15 వేలు మిగులుతున్నాయి. నాన్నగారి ప్రీమియం పోను మిగిలింది జీతం పడిన రోజే పక్కన పెడితే ఏడాది, ఏడాదిన్నరలో అక్కడికి చేరతారు. బోనస్ వస్తే ఇంకా ముందే. అదే ఈఎంఐ పెట్టుకుంటే ఆ 15 వేలల్లో చేతికి మిగిలేది 7 వేలు కూడా కాదు. ఏడాదిన్నర పాటు ఇల్లంతా ఆ సన్నటి దారం మీద నడవాలి.

ఈ నిధి సేవింగ్స్ ఖాతాలో కొంత, ఎప్పుడైనా రద్దు చేసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కొంత ఉంచండి. షేర్లలో వద్దు, చిట్టీలో వద్దు, బంధువుల చేతిలో అసలే వద్దు. పది పదిహేను వేలు ఇంట్లో నోట్ల రూపంలో కూడా ఉండాలి. విశాఖలో ఉన్నవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఎన్నో కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పని చేయలేదు. పాల ప్యాకెట్‌కీ మంచినీళ్ల క్యానుకీ నోటు చూపించాల్సి వచ్చింది. ఖాతాలో లక్షలున్నా ఆ వారం అక్కరకు రాలేదు.

దీనితో సమానంగా, నిజానికి దీనికంటే ముందుగా, ఈ నెలలోనే చేయాల్సింది నాన్నగారికి విడిగా ఆరోగ్య బీమా. ఇప్పటికే ఉన్న జబ్బులకు బీమా కంపెనీలు పెట్టే నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లు. ఈ రోజు పాలసీ తీసుకుంటే 70 ఏళ్లు వచ్చేసరికి షుగర్‌కు సంబంధించిన చికిత్సలకూ రక్షణ మొదలవుతుంది. ట్రెడ్‌మిల్ కిస్తీలు అయ్యాక చూద్దామనుకుంటే ఆ మూడేళ్లు అప్పటి నుంచి మొదలవుతాయి, వయసుతో ప్రీమియం కూడా పెరుగుతుంది. ఫారంలో షుగర్ ఉందని, ఏ మాత్రలు వాడుతున్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏజెంటు ‘అవసరం లేదు సార్’ అన్నా రాయండి. జబ్బు దాచి తీసుకున్న పాలసీ సరిగ్గా క్లెయిమ్ రోజునే చెల్లకుండా పోతుంది. బిల్లులో మీ వాటా ఎంత శాతమో, గది అద్దెకు పరిమితి ఉందో లేదో సంతకానికి ముందే చదవండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు కాబట్టి ఆ భారం కూడా ఇప్పుడు లేదు. మీకు బీపీ మొదలైందన్నారు కదా, కంపెనీ బీమాతో సరిపెట్టుకోకుండా మీ దంపతులకూ సొంత పాలసీ చూసుకోండి. ఉద్యోగం మారితే ఆ 3 లక్షలూ ఉండవు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు ఇచ్చే జీవిత బీమా) సంగతి మీరు రాయలేదు, లేకపోతే అదీ తీసుకోండి.

నడక మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టండి. ఎంవీపీ నుంచి బీచ్ ఎంత దూరం? ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ల కోసం వాహనాలు ఆపుతారు. నాన్నగారికి శివాజీ పార్కు ఇంకా హాయిగా ఉంటుంది. వానాకాలం ఇబ్బందే, కాదనను. కానీ నలుగురూ ఆరు నెలలు విడవకుండా నడిస్తే, రోజుకు మూడు గంటల వాడకం అన్నది నిజమో కాదో మీకే తేలిపోతుంది.

నిధి 2 లక్షలు దాటాక ట్రెడ్‌మిల్ కోసం విడిగా దాచుకుని కొనండి. అప్పుడు కూడా కమర్షియల్ మోడల్ అక్కర్లేదు. అది పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరిగే జిమ్ కోసం. మీ వాడకానికి మంచి హోమ్ మోడల్ చాలు. అయితే పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే పీక్ హార్స్‌పవర్ చూసి మోసపోవద్దు. ఆగకుండా ఎంత ఇస్తుందో చెప్పే కంటిన్యువస్ అంకె అడగండి, అది 3 హార్స్‌పవర్ ఉంటే మీకు నిశ్చింత. మీ బరువుకు పైన కనీసం 30 కిలోలు మోయగలిగేది, అంటే 130 కిలోల సామర్థ్యం ఉన్నది చూడండి. మోటారుకు ఇన్నేళ్ల వారంటీ అని గొప్పగా చెబుతారు. బెల్టుకి, కంట్రోలర్ బోర్డుకి, మెకానిక్ ఛార్జీకి ఎన్నాళ్లో అడగండి, చేతిలో డబ్బు వదిలేది అక్కడే. సర్వీసు మనిషి విశాఖలోనే ఉంటాడా, హైదరాబాద్ నుంచి రావాలా అన్నది కూడా తేల్చుకోండి. సముద్రపు గాలికి బోల్టులు, రోలర్లు తుప్పు పడతాయి కాబట్టి బాల్కనీలో పెట్టకండి. బెల్టు కింద సిలికాన్ ఆయిల్ వేళకు వేయాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంప్స్ ప్లగ్గు దానికే విడిగా ఉండాలి. షాపుకి వెళ్లినప్పుడు ఈఎంఐ మాట ఎత్తనివ్వకుండా ముందు నగదు ధర రాయించుకోండి, ఇన్‌స్టలేషన్ ఛార్జీ, మొదటి ఏడాది సర్వీసు అందులోనే కలిపి.